విప్పిన వేటవల

సంచిలోంచి రాలింది వల కాదు, ఎండిన వేరుశెనగ కట్టె.

నట్టింట్లో కుప్పగా పడిన ఆ కట్టెను చూసి కుళ్ళాయప్ప సంచిని తిరగేసి ఇంకోసారి దులిపాడు. రవంత దుమ్ము రాలింది. ఉగాది పొద్దున తలకు పోసుకొని, తడి వెంట్రుకలు ముడేసుకొని, మరునాటి వేటకు ముందు వలకు పూయమని కొడుక్కి ఇవ్వడానికి పసుపు కలిపిన గిన్నె చేతబట్టుకొని నిలబడిన అక్కమ్మ మెల్లగా మొగుడి దిక్కు తిరిగింది.

"వల యాడ?"

ఎర్రప్ప గోడకు ఆనుకొని వేపపూత, బెల్లం కలిపి నములుతున్నాడు. చేదు తగిలిందో తీపి తగిలిందో ఆయన ముఖం చూస్తే తెలియదు.

"నిన్నే అడుగుతాండేది. వల యాడ పెట్టినావు?"

"లేదు."

"లేదంటే?"

"విప్పేసినా."

ఇలాంటి మాట చెప్పేముందు మనిషన్నవాడు కాస్త దగ్గుతాడు, గొంతు సవరించుకుంటాడు, కనీసం కాళ్ళవైపన్నా చూసుకుంటాడు. ఎర్రప్ప మాత్రం మేకను కట్టేసి వచ్చినా అన్నంత సులువుగా చెప్పి, ఇంకో చిటికెడు వేపపూత నోట్లో వేసుకున్నాడు.

అక్కమ్మ గిన్నెను కింద పెట్టింది. పెట్టకపోతే ఆ పసుపు మొగుడి నెత్తిన పడేదే.

చలికాలమంతా ఈయన మేకల కొట్టంలో కూర్చొని జనపనార పేనుతుంటే ఆవిడ ఎద్దులకు పగ్గాలు చేస్తున్నాడనుకుంది. దసరా నుంచి ఈటె ముట్టలేదు, కొండ దిక్కు పోలేదు, చెరువు గట్టున బెస్త లింగన్నతో సావాసం పట్టాడు. అదంతా చూసి ఒళ్ళు మండినా, పోనీలే, ముసలితనంలోనన్నా ఇంటికి పనికొచ్చే పని ఒకటి చేస్తున్నాడని వీధిలో నలుగురి దగ్గర మెచ్చుకుంది కూడా. ఇప్పుడు ఆ నలుగురి ముఖం ఎలా చూడాలో ఆవిడకు తెలియలేదు.

"వేటవల నార విప్పి చేపలవల అల్లుకున్నావా?"

"ఊఁ. దాని నార మంచిది. పురి విప్పి మళ్ళీ సన్నంగా పేనితే దారం మాదిరి వచ్చింది."

"మంచిదని చెప్తాండాడు సూడు," అక్కమ్మ కొడుకు దిక్కు తిరిగి అంది. "మీ ముత్తాత కాలం నాటి వల. మాయమ్మా మాయక్కా అని దానికి దండం పెట్టి కొండకు పోతాండ్రి. దాన్ని పట్టుకొని నార మంచిదంటాడు."

ఆ వలను ఆడవాళ్ళు తాకరు. అందుకే అటక మీది సంచిలో ఏముందో ఆవిడకు ఇన్నాళ్ళూ తెలియలేదు. తాకేది ఒక్కసారే. కోడలు ఇంట్లో కాలుపెట్టిన మూడోనాడు పసుపుదారంతో వల అంచుకు ఒక ముడి వేస్తుంది. ఆ తర్వాత ఆమెకూ వలకూ సంబంధం లేదు. ఎర్రప్ప అవ్వ వేసిన ముడి, అమ్మ వేసిన ముడి, అక్కమ్మది, మరిది మారెప్ప పెళ్ళానిది, పోయిన ఏడు తనకల్లు నుంచి కోడలుగా వచ్చిన హనుమక్కది, అన్నీ ఆ అంచునే ఉండేవి.

"నా ముడి గూడా విప్పినావా?"

ఎర్రప్ప లేచి, కండువా దులుపుకొని బయటికి పోయాడు. వాకిట్లో నీళ్ళ కాగు దగ్గర నిలబడిన హనుమక్క, మామ వస్తున్నాడని కొంగు సర్దుకొని పక్కకు జరిగింది. ఆరో నెల కడుపు. ఆ జరగడం కూడా ఇప్పుడు మెల్లగానే జరుగుతోంది.

*

మధ్యాహ్నం ఓళిగలు కాలుస్తుంటే మారెప్ప వచ్చాడు. ఎర్రప్పకు తమ్ముడు, ఎదురు వరస ఇల్లు. మనిషి చెడ్డవాడేమీ కాదు గాని, మాటను చెక్కి నున్నగా చేసి ఇచ్చే అలవాటు లేదు.

"వదినా, పొద్దు తిరిగింది. వలకు ఇంగా పసుపు పూయలేదా? మారెమ్మ కట్టకాడ అందరూ కాసుకోనుండారు."

"ఓళిగ తిను మారెప్పా."

"తింటా. వల యాడ?"

అక్కమ్మ పెనం మీద ఓళిగను తిప్పింది. తిప్పినదాన్నే మళ్ళీ తిప్పింది. అబద్ధం చెప్పాలంటే ఆవిడకు చేతనవుతుంది. ఎలుకలు కొట్టినాయి అనవచ్చు, పిడుగు పడింది అనవచ్చు. కాని చెప్పేలోగా మూలనుంచి కుళ్ళాయప్ప గొంతు వచ్చింది.

"వల లేదు చిన్నాయనా. నాయన విప్పేసినాడు."

మారెప్ప చేతిలో ఓళిగ ముక్క అలాగే ఉండిపోయింది.  పొయ్యిలో కంపకట్టె చిటపటలాడింది.

"దాంట్లో మా ఇంటి ముడి గూడా ఉండాది," అన్నాడు చివరికి.

"ఉండాది," అంది అక్కమ్మ.

"నన్నొగ మాట అడగాల్సింది."

"నన్నే అడగలేదు. నిన్నేం అడుగుతాడు?"

మారెప్ప కింద కూర్చున్నాడు. కోపం వచ్చినవాడు నిలబడతాడు. ఈయన కూర్చున్నాడంటే కోపం కన్నా పెద్దది ఏదో పట్టిందని అక్కమ్మకు తెలుసు.

"సరే వదినా. వల మాట ఇడ్సు. నా ఇంట్లో కొత్తది ఉండాది, ఈ ఏటికి దాన్ని కట్టుకుందాం. వల ఎవురిదైనా ఒగటే. వలలోకి వచ్చే పందిని పొడిచేదానికి ఈటె పట్టుకొని వలమూతికాడ కూర్చునే మనిషి మాత్రం మీ ఇంటోడే కావాల. ఆ మనిషిని యాడ తెచ్చేది?"

"నేనుండా," అన్నాడు కుళ్ళాయప్ప.

"నువ్వు రాగూడదు." మారెప్ప అటు తిరగకుండానే చెప్పాడు. "నీ పెండ్లాం కడుపుతో ఉండాది. కోడిని కోయాలన్నా నువ్వు పక్కోళ్ళ చేతికి ఇస్తాండావు. నువ్వు పందిని పొడుస్తావా?"

అది నిజం. పెళ్ళాం కడుపుతో ఉన్న మగవాడు జీవం తీయకూడదు. కుళ్ళాయప్ప ఈ నెలల్లో తేలు కనబడినా తల్లిని కేకేస్తున్నాడు. హనుమక్క వంటింటి గడప దగ్గర ఓళిగల బుట్ట పట్టుకొని నిలబడి, తన కడుపు గురించి ఇద్దరు మగవాళ్ళు లెక్కలు వేస్తుంటే తలవంచుకొని వింటోంది.

"చిన్నోడు రాగూడదు, పెద్దోడు రాడు," అన్నాడు మారెప్ప. "రేపు తెల్లారి ఉగాది వేటలో మీ ఇంటి మనిషి మూతికాడ లేకుంటే నేను కూర్చోవాల్సి వస్తాది. పంది తలకాయ, దాంతోపాటు వేట పెద్దరికం నా గడపకు వస్తాది. వచ్చినాక మళ్ళీ తిరిగి పోదు వదినా. అది నేను పెట్టిన కట్టు కాదు. నా కొడుకులు గూడా రేపు ఊరుకోరు. అన్నతో చెప్పు."

"నువ్వే చెప్పు."

"చెప్పినా. నిన్న చెరువుకాడికి పోయి చెప్పినా. ఏమన్నాడో తెలుసునా? నాకు కూర్చోవాలనుండాది మారెప్పా, అన్నాడు."

ఆ మాట ఇంట్లో అందరూ విన్నదే. ఎందుకు వేట మానినావని అడిగిన ప్రతివాడికీ ఆయన చెప్పేది అదొక్కటే. ఊరు నమ్మలేదు. కొండలో గాలి సోకిందన్నారు కొందరు. చూపు పోయిందన్నారు కొందరు. చూపు ఏమీ పోలేదు. మొన్ననే చింతచెట్టు చిటారు కొమ్మన తేనెతుట్టె ఉందని అందరికంటే ముందు ఆయనే చూపించాడు. చేతులు వణకడం లేదు. మరి కారణమేమిటంటే కూర్చోవాలనుంది. కొండలు ఎక్కి దిగి, చెవులపిల్లుల వెంట, పందుల వెంట అరవై ఏళ్ళు వచ్చేదాకా పరిగెత్తిన మనిషికి కూర్చోవాలనిపించడం కూడా ఒక కారణమేనని ఒప్పుకోవడానికి ఊరిలో ఎవరూ సిద్ధంగా లేరు. ఇంట్లో అక్కమ్మ అసలే సిద్ధంగా లేదు.

మారెప్ప పోయాక కుళ్ళాయప్ప తల్లి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మా, నాకు పుట్టే బిడ్డ కండ్లు తెరిచేలోగా మన తలకాయ వాళ్ళ గడపకు పోతాది. అంతేనా?"

"గమ్మునుండు."

"రేపు ఆ బిడ్డ పెద్దోడై, మన ఇల్లు ఏమిటికి వెనకబడిందని అడిగితే, మీ జేజినాయనకు కూర్చోవాలనిపించిందంట అని చెప్పాల్నా?"

"గమ్మునుండమన్నా కదా. నేను పోయి మాట్లాడతా."

"నువ్వేం మాట్లాడతావు? దసరా నుంచి మాట్లాడతానే ఉండావు."

*

నాలుగు ఓళిగలు, చెంబుతో నెయ్యి, మూటలో కట్టుకొని అక్కమ్మ చెరువుకు బయల్దేరింది. ఇంట్లో తిడితే కొడుకూ కోడలూ వింటారు. చెరువుగట్టున అయితే తీరుబడిగా తిట్టవచ్చు.

శింగనమల చెరువు చాలా ఏళ్ళుగా నిండలేదు. సర్కారు గంజి కేంద్రాలు పెట్టిన కరువులో ఆ చెరువు అడుగు పగుళ్ళిచ్చి, దాని మీద పశువులు నడిచిపోయేవి. ఈసారి దసరాకు ముందు వానలు పట్టి, తూము మునిగి, తుమ్మచెట్ల నడుముల దాకా నీళ్ళు వచ్చాయి. ఊరు ఊరంతా గట్టు మీదికొచ్చి చూసి సంతోషపడి ఇంటికి పోయింది. ఎర్రప్ప ఒక్కడే ఇంటికి పోవడం మరచిపోయాడు.

పండగ పూట కావడంతో గట్టు మీద ఎవరూ లేరు. లింగన్న కూడా రాలేదు. ఎర్రప్ప మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వల విసురుతున్నాడు. మడత ఒకటి మోచేతి మీద, అంచు ఒకటి పళ్ళ మధ్య, నడుము తిప్పి వదిలాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకొని నీళ్ళ మీద పడింది. అక్కమ్మ తిట్టడానికి తెచ్చుకున్న మొదటి మాట మరచిపోయింది.

ఆయన వల లాగి, అందులో కొట్టుకుంటున్న రెండు జెల్లలను తీసి మళ్ళీ నీళ్ళలో వేశాడు.

"పట్టిందాన్ని వదిలేదానికేనా వలను విప్పింది?"

"పండగ కదా. ఊరికే నేర్చుకుంటాండా."

"అరవై ఏండ్లకు నేర్చుకుంటాండావు."

"పడుతాండాది. ముందు మూటమాదిరి పడేది. ఇప్పుడు విచ్చుకుంటాండాది. లింగన్న కూడా మెచ్చుకున్నాడు."

ఆ చెప్పడంలో ఉన్న సంబరం చూసి అక్కమ్మకు మరింత కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్ని పందులు తెచ్చాడు, ఎన్ని కౌజు పిట్టలు తెచ్చాడు, ఒక్కనాడూ ఇలా వచ్చి చెప్పుకోలేదు.

గట్టు వాలున ఇద్దరూ కూర్చున్నారు. ఓళిగలో నెయ్యి వేసిచ్చింది. ఆయన తింటున్నాడు.

"రేపొక్కనాడు పో," అంది. "నీకు కావాల్సింది కూర్చునేదే కదా. వలమూతికాడ గూడా కూర్చునేదే కదా. బండ మాటున కూర్చో, ఈటె పట్టుకో. పంది రాకపోతే రాకపాయె. మన మనిషి ఆడున్నాడని ఊరికి తెలిస్తే చాలు."

ఎర్రప్ప నమలడం ఆపాడు.

"ఆడ కూర్చునేది కూర్చునేది కాదే. కొండెక్కి వలకాడికి చేరినోళ్ళు ఎవురూ నోరు తెరవగూడదు. కింద నుంచి తప్పెట కొడుతా తోలుకొస్తారు. తప్పెట మోగినంతసేపూ ఏమీ లేదు. పంది వల దిక్కు తిరిగిందని తెలిస్తానే తప్పెట ఆపేస్తారు, దాని అడుగు సద్దు మూతికాడ ఉన్నోడికి వినపడాలని. ఆ ఆగినప్పుడు ఉండాది సూడు, అప్పుడు ఒళ్ళంతా చెవులే. ఎన్నేండ్లు పోయినా అది అలవాటు కాలేదు నాకు. ఎవురికీ చెప్పలేదు."

అక్కమ్మ నీళ్ళ దిక్కు చూసింది.

"ఈడ ఇంట్లో నాకూ అంతే," అంది.

"ఏమంతే?"

"తప్పెట ఊరికి వినపడతాది. మోగినంతసేపు సంగటి కెలుకుతా ఉంటా. ఆగిందంటే చెయ్యి ఆగిపోతాది. మళ్ళీ కేకలు వినపడేదాకా ఊపిరి ఆడదు. ఎన్నిసార్లు అడుగంటిందో సంగటి. మాడింది ఏమిటికని నువ్వు తిట్టినావు గూడా."

ఎర్రప్ప ఆమె ముఖంలోకి చూశాడు. పెళ్ళయి నలభై ఏళ్ళు. మాడిన సంగటి గురించి ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"చెప్పి ఉంటే తిట్టకపోదును."

"నువ్వు చెప్పినావా?"

 ఒక కొంగ వచ్చి తుమ్మకొమ్మ మీద వాలింది. ఆయన చెయ్యి ఎత్తి ఎదుట నీళ్ళలోకి చూపించాడు.

"గంజి కరువప్పుడు అదిగో, ఆడ. నీళ్ళు లేవు, అంతా బంకమన్ను. ఒగ పిల్లల పంది దిగొచ్చి మూతితో తవ్వుకుంది. నడుము లోతు తవ్వింది. తేమ ఊరింది. నేను గట్టు మీద కాసుకోనుండి, అది నీళ్ళు తాగేటప్పుడు పొడిచినా. ఆ గుంతలో నీళ్ళు మన వీధి అంతా ఎన్ని దినాలు మోసుకొని తాగినాం, గుర్తుందా?"

"ఉండాది. ఆ నీళ్ళు మట్టివాసన."

"అది తవ్వింది. మనం తాగినాం. దాన్నే తిన్నాం."

"దాని కోసమా వేట మానింది?" అక్కమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"కాదు. ఆ నాడు కూర బాగుండాదని నేను రెండుసార్లు వేయించుకున్నా. నువ్వే వండినావు. ఊరికే ఈ నీళ్ళను చూస్తే యాదికొస్తాది, అంతే. మానింది మాత్రం కూర్చోవాలనిపించే. నన్ను నమ్ము."

అక్కమ్మ నమ్మింది. నమ్మినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఇంటి నుంచి తెచ్చుకున్న తిట్లన్నీ అలాగే ఉన్నాయి, వాటిని ఎక్కడ వాడాలో తెలియలేదు.

వల మడతపెడుతూ ఆయన చేతితాడు ఆమె ఒళ్ళో వేశాడు. వల విసిరేటప్పుడు మణికట్టుకు తగిలించుకునే ఉచ్చు అది. కొత్తగా పేనింది కాదు, పాత వేటవల అంచు. దాని పొడుగునా పసుపుదారపు ముడులు, ఒకదాని పక్కన ఒకటి.

"అంచు విప్పలేదు," అన్నాడు. "ఇదో, ఈ వంకర ముడి నీది."

"నాది వంకర కాదు. మారెప్ప పెండ్లాందే వంకర."

"అది నున్నగా ఉండాది."

"కండ్లు పోయినాయి నీకు," అంది అక్కమ్మ. దసరా తర్వాత ఆవిడ మొదటిసారి నవ్వింది.

గట్టు దిగేటప్పుడు ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. పోతే పోనీ తలకాయ. మారెప్ప గడప ఏమన్నా పరాయి గడపా? కుళ్ళాయికి నచ్చజెప్పాలి. ఈ రాత్రి వాడు అన్నం తింటే రేపటికి సర్దుకుంటాడు.

*

కుళ్ళాయప్ప అన్నం తిన్నాడు. అదే ఆమె చేసిన పొరపాటు, వాడు తిన్నాడని నిశ్చింతగా ఉండడం. తల్లి చెప్పినదంతా విన్నాడు. తండ్రి ముఖం చూడలేదు. "మీ ఇష్టం," అన్నాడు. చెయ్యి కడుక్కొని దొడ్లో ఎద్దుల దగ్గర పడుకున్నాడు.

తెల్లవారి, మారెమ్మ కట్ట దగ్గర తప్పెట మోగి, మందీ కుక్కలూ కొండ దిక్కు కదిలిన సద్దు వచ్చింది. అక్కమ్మ పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. ఈ ఏడు ఆ తప్పెట తనకు సంబంధం లేనిదని మనసుకు చెప్పుకుంటూ రాగిపిండి చేటలో పోసుకుంది. ఎర్రప్ప వాకిట్లో కూర్చొని వల చిరుగులు చూసుకుంటున్నాడు. పోయిన ఏడు ఈ వేళకు ఈయన బండ మాటున ఉండేవాడు. ఇప్పుడు కంటికెదురుగా ఉన్నాడు. అది బాగుందని ఆమెకు అనిపించింది. పైకి అనలేదు.

లింగన్న వీధి మలుపు తిరిగి గబగబా వచ్చాడు.

"ఎర్రప్పా, మీవోడు తొలికోడి కూసేటప్పుడే కొండకు పోయినాడే. చెరువుకట్ట మీద ఎదురొచ్చినాడు. ఒగడే పోతాండాడు. ఈటె భుజాన ఉండాది. చేపలకు కాదు కదప్పా అంటే పలకలేదు."

అక్కమ్మ లేచి నట్టింట్లోకి చూసింది. గోడకు రెండు మేకులు ఉన్నాయి. మేకుల మీద ఈటె లేదు.

వాడు మందితో పోలేదు. ముందే పోయి, తండ్రి కూర్చునే బండ మాటున కూర్చొని ఉంటాడు. వెనకొచ్చే మారెప్ప వాడిని చూసినా పొమ్మనలేడు. కొండెక్కినాక నోరు తెరవకూడదు. ఆ కట్టు తెలిసే వాడు అలా చేశాడు. వాడు ఎప్పుడూ మూతి దగ్గర కూర్చున్నవాడు కాదు. తోలేవాళ్ళలో ఉండి కేకలు పెట్టిన అనుభవమే గాని, ఎదురుగా పంది వస్తుంటే ఈటె ఎంతవరకు ఆపాలో వాడి చేతికి తెలియదు.

హనుమక్క దొడ్డివాకిలి నుంచి లోపలికి వచ్చింది. చేతిలో పేడ తట్ట. ఆ తట్ట కింద పెట్టి, నేరుగా మామ ఎదుటికి నడిచింది. ఈ ఇంట్లో కాలుపెట్టినప్పటి నుంచి ఆమె మామతో ఒక్క మాట మాట్లాడలేదు. కావలసింది అత్తతో చెప్పించేది. ఎర్రప్పకు కోడలి గొంతు ఎలా ఉంటుందో సరిగా తెలియదు.

"మామా," అంది. "తలకాయ మాకు వద్దు. ఆయన్ని పిలుచుకొని రా."

  రెండు చేతులూ కడుపు మీద పెట్టుకొని నిలబడింది.

ఎర్రప్ప వలను భుజాన వేసుకొని లేచాడు.

"వద్దు," అంది అక్కమ్మ.

ఆ మాట తన నోటినుంచి వచ్చిందని ఆమెకే ఆశ్చర్యం వేసింది. దసరా నుంచి కొండకు పో, కొండకు పో అని ప్రాణం తోడిన నోరే అది.

"వానికి ఈటె ఉండాది. నీ చేతిలో ఏముండాది? చేపలవల పట్టుకొని పంది ఎదుటికి పోతావా? మారెప్ప ఉండాడు ఆడ. వాని కొడుకులు ఉండారు. వాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళు వల పక్కల ఉంటారు. మూతికాడ ఒగడే ఉంటాడు."

"కేకేస్తే చాలదా? గట్టు మీద నిలబడి కేకెయ్."

"కేకేస్తే పంది బెదిరి నేరుగా వాని మీదికే పోతాది. సద్దు లేకుండా పోయి పక్కన కూర్చోవాల." ముడులున్న చేతితాడును మణికట్టుకు చుట్టుకున్నాడు. అలవాటుగా చేశాడో కావాలనే చేశాడో ఆమెకు తెలియలేదు. "కూర్చునేదే కదా. వచ్చేస్తా."

వాకిలి దాటాడు. అరవై ఏళ్ళ కాళ్ళు. మలుపు దాకా నడిచాడు, మలుపు తర్వాత పరిగెత్తాడు. ఆమె చూస్తోందని మలుపు దాకా ఓపిక పట్టినట్టున్నాడు. గోడ పక్కకు జరిగి చూసిన అక్కమ్మకు చెరువుకట్ట మీద ఆయన చిన్నగా కనిపించాడు. కట్టకు అవతల ఇంకా రాళ్ళచేను ఉంది. దాని తర్వాత కొండ.

ఆమె పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎసరు మరుగుతోంది. పిండి పోసి తెడ్డు చేతబట్టింది. కొండ దిక్కు నుంచి తప్పెట చిన్నగా, తెరలు తెరలుగా వినిపిస్తోంది. హనుమక్క వచ్చి గోడకు ఆనుకొని పక్కన కూర్చుంది. తనకల్లు దిక్కు ఉగాది వేట లేదు. ఆమెకు ఇవన్నీ కొత్త.

తెడ్డు తిరుగుతోంది. ఆయన ఇప్పుడు కట్ట దిగి ఉంటాడు. రాళ్ళచేను సగం దాటి ఉంటాడో లేదో.

తప్పెట ఆగింది.

"అత్తా," అంది హనుమక్క తలెత్తి. "తప్పెట ఏమిటికి ఆపినారు?"

అక్కమ్మ చెయ్యి తెడ్డు మీద అలాగే నిలిచిపోయింది.

"కొట్టేవాని చేతులు నొప్పి పుట్టుంటాయి లే," అంది. "నువ్వు ఆ చెంబుతో నీళ్ళందుకో. సంగటి అడుగంటుతాండాది."